బడి వ్యానులో అడవికి

మా ఆవిడకు చూపు తగ్గుతోందని మాకు మొదట చెప్పినవి పండుమిరపకాయలు. ఆమెది అనంతపురం వైపు. పండుమిర్చి రోజుల్లో జాడీ నిండా కారం నూరుకోకపోతే ఆమెకు ఏడాది మొదలైనట్టే ఉండదు. ఆ ఏడు తార్నాక మార్కెట్లో తెచ్చిన కాయలు చేటలో పోసుకుని, మధ్యలో కలిసిపోయిన పచ్చివాటిని ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి చేయి ఆగిపోయింది. కాయను కంటి దగ్గరకు తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, కిటికీ వైపు తిప్పింది. చివరికి నన్నే తిట్టింది.

"ఏం కాయలు తెచ్చినావబ్బా, ఎరుపేదో పచ్చేదో తెలియకుండా ఉండాయి."

నాకు మాత్రం బాగానే తెలుస్తున్నాయి.

కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. కంటి వెనక పొర మెల్లగా ఎండిపోతోందన్నాడు. మందు లేదన్నాడు. ముందు రంగులు పోతాయి, ఎండ వెలుతురు భరించలేరు, మసక వెలుగులో ఏమీ ఆనదు, ఆ తరువాత మిగిలిందీ పోతుంది. ఎంత కాలం పడుతుందని అడిగితే చెప్పలేమన్నాడు. "చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈలోపు చూసేయండి" అన్నాడు. టిఫిన్ చేశారా అని అడిగినంత మామూలుగా అన్నాడు. నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. ఆయన తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా కొట్టాలనే అనిపించింది.

బయట రిపోర్టు కోసం కూర్చున్నప్పుడు ఆమె బల్ల మీదున్న పాత పత్రిక ఒకటి తీసుకుంది. అందులో ఏదో దేశపు బొమ్మ. ఒక పెద్ద బండి, దానికి కిటికీలు, తెరలు, లోపల మంచం, పొయ్యి. ఇల్లే చక్రాల మీద కూర్చుంది. బండి ముందు రెండు మడత కుర్చీలు, వెనక అంతా చెట్లు. ఆకులు రాలే ముందు రంగు మారిన చెట్లు, ఎరుపూ పసుపూ. ఆమె ఆ కాగితాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇట్లాంటిది మన దగ్గర ల్యాదా?"

"ఏది? ఆకులా, బండా?"

"రెండూ."

"ఆకులైతే ఉన్నయి. బండి సంగతి నేను చూస్త."

ఆకుల సంగతి నాకు తెలుసు. మాది జనగామ వైపు సేద్యం చేసుకునే ఇల్లు, అక్కడ అడవీ లేదు, గిడవీ లేదు. కానీ మా మేనమామ ఊరు నిర్మల్ ఘాట్లు దాటాక అడవి అంచున ఉండేది. చిన్నప్పుడు చలి వెనకపట్టి ఎండలు ఇంకా ముదరని రోజుల్లో అక్కడికి పోయేవాణ్ని. టేకు ఆకులు పసుపు తిరిగేవి. తిరుమాను చెట్లు అప్పుడే తోమి బోర్లించిన రాగి బిందెల్లా ఉండేవి. కొన్ని చెట్లయితే ఎర్రగా, ఒక్క పచ్చాకు కూడా లేకుండా నిలబడేవి, వాటి పేర్లు నాకు ఇప్పటికీ రావు. ఆ రంగు నాలుగు వారాలుంటే ఎక్కువ. ఒక్క గాలివాన కొట్టిందంటే అయిపోయినట్టే. మా ఆవిడ పుట్టి పెరిగింది వేరుశనగ చేల మధ్య, బండరాళ్ల గుట్టల కింద. అడవి అంటే కంపచెట్లు ఇంకాస్త దగ్గర దగ్గరగా ఉంటాయి కాబోలు అనుకునేది. ఆ రాత్రి అన్నం తింటూ నేను చెప్పిందంతా విని, "అది చూడాల్సిందే. అది చూసినాక పోతే పోనీ" అంది.

కారు మాట్లాడుకుని పోయిరాకూడదా అని అడిగినవాళ్లు చాలామంది. పోవచ్చు. కానీ ఆమె పట్టపగలు కళ్లు తెరవలేకపోయేది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, అంతే ఆమె చూడగలిగిన వెలుతురు. మిగతా పగలంతా చీకటి చేసుకుని పడుకోవాలి. అడవిలోనే ఉండి, నల్లటి తెరలు కట్టుకుని, పొద్దు వాలాక తలుపు తెరిస్తే ఎదురుగా ఆ చెట్లుండాలి. అట్లాంటి బండి కావాలి.

ముషీరాబాద్‌లో మా తమ్ముడికి ఒక వ్యాను ఉంది. బడి పిల్లలను తిప్పేవాడు. సంగతి చెబితే పూర్తిగా వినకుండానే పానా పట్టుకుని బయలుదేరాడు. వెనక సీట్లు విప్పేసి రెండు చెక్కబల్లలు కలిపాడు. వాటి మీద మా పరుపు సరిగ్గా పట్టింది. కిటికీలకు మా ఆవిడ తన పాత నల్లచీర చింపి తెరలు కుట్టింది. చిన్న గ్యాసుపొయ్యి, ఒక కుండ, ఒక బాండలి, చాప. ఆమె ఎక్కి పరుపు మీద కాళ్లు చాపి కూర్చుంది.

"ఎట్లుంది వదినా?" అన్నాడు తమ్ముడు.

"బలపం వాసన వస్తాంది" అంది. చాలా సంతోషంగా ఉంది ఆ రోజు.

అప్పుడు ఉద్యమం రోజులు. డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్నారు, మేము మిఠాయిలు పంచుకున్నాం. మిఠాయి నోట్లో ఉండగానే చూద్దాంలే అన్నారు. ఇక క్యాంపస్‌లో ఏ రోజు మామూలుగా గడిచిందో నాకు గుర్తు లేదు. నేను యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాను. మధ్యాహ్నం దాకా ఫైళ్లు, తరువాత మెట్ల మీద కూర్చుని నినాదాలు. గొంతు పోగొట్టుకుని ఇంటికి వస్తే మా ఆవిడ ఉప్పు వేసిన వేడినీళ్లు ఇచ్చి పుక్కిలించమనేది. "మీ తెలంగాణ వచ్చేలోపల నీ గొంతు యాడికో పోయేటట్టుంది" అని నవ్వేది. ఆమె నాన్న ఫోన్ చేసి, అదేదో తేలేదాకా ఊరికి వచ్చి ఉండమన్నాడు. "నా ఇల్లు తార్నాకలో ఉంది నాయనా" అని పెట్టేసింది. బాష్పవాయువు వదిలిన రోజుల్లో గాలి మా వీధి దాకా వచ్చేది. నేను కిటికీలు మూసి, తడిగుడ్డ ఆమె కళ్ల మీద వేసి, ఆ పక్కనే కూర్చునేవాణ్ని. ఆ కళ్లలో మిగిలిందంతా నాకు కావాలి, ఒక్క బొట్టు కూడా వృథా పోకూడదు అనిపించేది.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. బంద్ ఉంటేనే బడికి సెలవు, బడికి సెలవుంటేనే వ్యాను ఖాళీ. కానీ బంద్ నాడు వ్యాను కదలదు, రోడ్డే బంద్. పోనీ ఆదివారం పోదామంటే, బంద్‌లకు పోయిన పాఠాలన్నీ ఆదివారాలు చెప్పుకుంటున్నారు. శనివారం సాయంత్రం మా తమ్ముడు సీట్లు విప్పి పరుపు వేసేవాడు, రాత్రికి బడివాళ్లు ఫోన్ చేసేవారు, మళ్లీ పరుపు దించి సీట్లు బిగించేవాడు. బోల్టుల మరలు అరిగిపోయాయి. "అన్నా, తెలంగాణ అస్తది గని ఈ సీట్లు మాత్రం ఇగ సక్కగ కూసోవు" అనేవాడు.

ఆ ఏడు అట్లాగే పోయింది. మా వీధి చివర బాదం చెట్టు ఎర్రబడి రాలింది. ఒక సాయంత్రం ఆమె ఒక ఆకు ఏరుకుని కళ్లకు ఆనించుకుంది. "ఇది ఎరుపే కదా?" అంది. ఎరుపే అన్నాను. ముఖం వెలిగిపోయింది. "చూడు, నాకింకా తెలుస్తాంది. వచ్చే ఏడు పోదాంలే" అని నాకే ధైర్యం చెప్పింది. నేను ఆ ఏడాదంతా ఎవరి మీదో తెలియని కోపంతో తిరిగాను. ఢిల్లీవాళ్ల మీద, బడివాళ్ల మీద, నా మీద. మా బంద్‌ల మీద కోపం తెచ్చుకుందామని కూడా చూశాను, రాలేదు. వాటిలో నేనూ ఉన్నాను కదా.

మరుసటి ఏడు చలి తగ్గగానే ఆమె రోజూ అడగడం మొదలుపెట్టింది. "మీ మామకు ఫోన్ చేసినావా? ఆకు తిరిగిందంటనా?" మామ తిరిగిందనే చెప్పాడు. "ఈసారి మస్తున్నది బిడ్డా, జల్ది రాండ్రి" అన్నాడు. పరీక్షలకు ముందు బడికి మూడు రోజుల సెలవు దొరికింది. బంద్ పిలుపేదీ లేదు. క్యాంపస్‌లో అడిగాను, టీవీ చూశాను, పేపరు చూశాను. ఏమీ లేదు. ఆమె బొరుగులు, ఉల్లిపాయలు, పుట్నాల పొడి మూట కట్టుకుంది. అడవిలో ఉగ్గాని చేస్తానంది. బొరుగులు నీళ్లలో తడిపి పోపు పెట్టే ఆ ఉగ్గాని లేకపోతే వాళ్లకు పొద్దు పొడవదు.

తెల్లారుజామునే పోవాల్సింది. వెనక సీటు బోల్టు ఒకటి తుప్పుపట్టి ఊడి రాలేదు. తమ్ముడు కిరోసిన్ పోశాడు, సుత్తితో కొట్టాడు, దాని అమ్మానాన్నలను తిట్టాడు. అది ఊడేసరికి ఎండ వచ్చేసింది. అయినా పరవాలేదు, తెరలున్నాయి కదా అని బయలుదేరాం.

తార్నాక చౌరస్తాలో ఆగిపోయాం.

రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి పొయ్యిలు చేస్తున్నారు. వంటావార్పు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే కూర్చుని తినడం. అది మా ఉద్యమం కనిపెట్టిన నిరసన, మొట్టమొదటిసారి చూసినప్పుడు నాకు గర్వంతో కళ్లనీళ్లు వచ్చాయి. ఎక్కడో ఏదో జరిగిందట, రాత్రికి రాత్రి అనుకున్నారట, జిల్లాల్లో కూడా హైవేల మీద ఊరూరా పొయ్యిలు పెడుతున్నారట. మైకు పట్టుకున్న పిల్లవాడు, పీజీ విద్యార్థి, నన్ను గుర్తుపట్టి అద్దం దగ్గరకు వచ్చాడు.

"అన్నా, నువ్వేంది గీ టైముల ఎటో పోతున్నవు? దిగు, బియ్యం కడుగుదువు."

మొన్న మెట్ల మీద వాడి పక్కనే కూర్చుని రోడ్లన్నీ స్తంభింపజేయాలని అరిచింది నేనే.

తమ్ముడు నా చెవిలో గొణిగాడు. "అన్నా, వదినె కండ్లు బాగలేవు, దవాఖానకు పోతున్నమని చెప్పుదాం. దవాఖానంటే ఎవ్వరాపరు. నిర్మల్ దాకా గదే చెప్పుకుంట పోదాం." అబద్ధం కూడా కాదు, ఆమె కళ్లు బాగాలేని మాట నిజమే. నేను నోరు తెరిచాను. తెర వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"వద్దబ్బా. ఆస్పత్రికి పొయ్యేటోళ్లకు ఇచ్చే దారి అది. మనం పోయేది ఆకులు చూసేకి."

"నీకు తెలుస్తలేదా, ఇయ్యాల పోకుంటే..." అన్నాను.

"తెలుసు" అంది. తలుపు తీసుకుని దిగింది. కొంగు ముఖం మీదకు లాక్కుని, లోపలికి చెయ్యి పెట్టి గ్యాసుపొయ్యి తీసింది. తరువాత కుండ తీసింది, బాండలి తీసింది, బొరుగుల మూట తీసింది. "ఆ రాళ్ల మీద అన్నం ఎప్పటికి ఉడికేను? ముందు ఇది తినండి" అని పిల్లల మధ్య కూర్చుంది. నేను ఉల్లిపాయలు తరిగాను. తమ్ముడు నీళ్లు మోశాడు. ఆమె పోపు వేసేటప్పుడు డబ్బాలు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూసి, పసుపేదో కారమేదో తేల్చుకోవడం చూశాను. ఎండ కదా, కళ్లు మూసుకుని చేస్తోంది అనుకున్నాను.

"అక్కా, గిదేంది? మరమరాలకు తాలింపు వెట్టినవ్?" అన్నాడు మైకు పిల్లవాడు.

"మా సీమ ఉగ్గాని. తిని, తరవాత అరుచుకో."

వాడు తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. మైకులో సీమ అక్క మన వంటావార్పుకు వచ్చిందని చెబితే చౌరస్తా అంతా చప్పట్లు కొట్టింది. ఆమె నవ్వింది. నేను మాత్రం వ్యాను వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా టైరును కాలితో తన్నాను. మళ్లీ తన్నాను. బొటనవేలు వాచింది. ఆ చప్పట్లు కొట్టిన చేతులన్నీ నావాళ్లవే, ఏమనగలను.

మిగిలిన రెండు సెలవు రోజులూ రోడ్లు తెరుచుకోలేదు. ఆ తరువాత రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి. బడి పరీక్షలు వచ్చాయి. ఒకరోజు మామ ఫోన్ చేసి రాత్రి గాలిదుమారం కొట్టిందన్నాడు. ఎంత రాలిందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆమెకు కూడా చెప్పలేదు నేను. ఉగాది సెలవుకు పోదామా అని ఆమె అడిగితే పోదామన్నాను. ఒక్క చెట్టయినా మిగలదా, ఒక్క కొమ్మయినా ఉండదా అని మనసులో మొక్కుకున్నాను. అడవికి మొక్కుకున్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

ఈసారి ఎవ్వరూ ఆపలేదు. మేడ్చల్ దాటాం, నిజామాబాద్ దాటాం, ఘాట్లు ఎక్కాం. ఆమె పరుపు మీద తెరల చీకట్లో పడుకుని దారంతా మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడు యాడున్నాం, చెట్లు మొదలైనాయా, కోతులున్నాయా. మొదలైనాయి అన్నాను. కిటికీలోంచి చూస్తున్నాను. టేకు మానులు బోడిగా, బూడిదరంగులో, కొండల మీదంతా కర్రలు పాతినట్టు నిలబడి ఉన్నాయి. కొమ్మకు ఆకు లేదు. తమ్ముడు అద్దంలోంచి నన్ను చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

మామ చెప్పిన చోట రోడ్డు దిగి, చెట్ల మధ్యకు పోయి ఆపాం. తమ్ముడు బిందె పట్టుకుని బోరింగు వెతుక్కుంటూ వెళ్లాడు. పొద్దు కొంచెం వాలింది. నిజం చెప్పేద్దామని దారిలోనే నిశ్చయించుకున్నాను. రాలిపోయినయి, ఆలస్యం చేసినం, మళ్లీ ఏడు వద్దాం అని చెప్పాలి. వ్యాను పక్క తలుపు తెరిచాను. ఆమె నా భుజం పట్టుకుని దిగింది. కొంగు తీసి, తలెత్తి, చాలాసేపు చూసింది. ఒక్కొక్క చెట్టునూ కింది నుంచి పై దాకా చూసింది.

"ఎంత ఎరుపబ్బా!" అంది. "నువ్వు చెప్పినదానికన్నా ఎక్కువుంది."

ఎదురుగా ఎరుపన్నదే లేదు. బూడిదరంగు మానులు, వాటి వెనక తెల్లటి ఆకాశం. నాకు ఒక్కసారిగా అర్థమైంది. రంగులు ఇవాళ పోలేదు. చౌరస్తాలో డబ్బాలు వాసన చూసిన నాటికే పోయాయి, ఇంకా ముందే పోయి ఉంటాయి. ఆకు తిరిగిందా అని రోజూ అడిగిన మనిషికి ఆ తిరిగిన ఆకు కనబడదని అప్పటికే తెలుసు. నాకు చెప్పకుండా, నేను బాధపడతానని, బొరుగుల మూట కట్టుకుని ప్రతిసారీ వ్యాను ఎక్కింది.

"అవును" అన్నాను. "మస్తున్నది. మంట వెట్టినట్టే ఉన్నది."

ఆమె నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు లోపలికి నడిచింది. ఆగింది. కాలితో కింద కదిపి చూసింది. ఎండుటాకులు చీలమండల దాకా ఉన్నాయి. ఇంకొక అడుగు వేసింది. అడవి అంతా గలగలమంది.

"కాళ్ల కింద ఇంత చప్పుడైతాంటే చెట్టు మీద ఏం మిగుల్తాయిలే" అంది.

నేను ఆపుకోలేకపోయాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె ముందు ఏడ్చింది లేదు. ఆ ఆకుల్లో కూర్చుండిపోయి, పిల్లవాడిలా ఏడ్చాను. ఆమె నా పక్కనే కూర్చుని, తడుముకుంటూ నా ముఖం దొరకబుచ్చుకుని, కొంగుతో తుడిచింది.

"ఊరుకోబ్బా. మీ తమ్ముడొచ్చే పొద్దాయ, చూస్తే బాగుండదు. లేసి లైటు వెయ్యి, చీకటి పడింది."

అప్పటికింకా పొద్దు పోలేదు. బోడి కొమ్మల మధ్య నుంచి ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది.